మెడ నాది, చంక సరోజది

మా వీధి చివర కుట్టు క్లాసు నడిపే అమ్మాయి మొన్న వచ్చి, "అవ్వా, మా పిల్లోల్లకు నాలుగు మంచి మాటలు రాసియ్యి, గోడకు అంటిస్తాను" అని అడిగింది. గోడకు అంటించే మాటలు నా దగ్గర లేవు. ఓపిక పట్టండి, శ్రద్ధగా నేర్చుకోండి అని ఎవరైనా చెబుతారు. నేను ఓపిక పట్టి నేర్చుకున్నదాన్ని కాను, కడుపు మండి నేర్చుకున్నదాన్ని. నా కడుపు మండించిన మనిషి పేరు సరోజ, ఊరు ధర్మవరం. ఆమె సంగతి ఎత్తకుండా నా పని సంగతి చెప్పడం నాకు చేతకాదు. గోడకు పనికిరాకపోతే ఆ అమ్మాయి పెట్టెలో పెట్టుకుంటుందిలే అని మొదలుపెట్టాను.

నా పేరు నాగరత్నమ్మ. పెనుకొండలో పని నేర్చుకున్నాను, హిందూపురంలో అంగడి పెట్టుకున్నాను. జాకెట్లు, లంగాలు, ఆడపిల్లల గౌన్లు, ఆస్పత్రిలో పనిచేసే ఆడవాళ్ళకు తెల్లకోట్లు, అన్నీ కుట్టాను. డిజైనరు అనే మాట యాభైలలో, అరవైలలో మా వైపు ఎవరూ వినలేదు. "జాకెట్లు కుట్టే ఆయమ్మ" అనేవాళ్ళు. అయినా మెడ ఎంత దిగాలో, చేయి ఎక్కడ ఆగాలో, వీపు ఎంత కనబడాలో ఒక ఊరి ఆడవాళ్ళకు కొన్నేళ్ళపాటు నేనే చెప్పాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ముడుల దారం

ఇప్పటి పిల్లలు టేపు మెడలో వేసుకుని నిలబడితే ఆడవాళ్ళు వచ్చి చేతులు చాపుతారు. అప్పట్లో అది కుదిరేది కాదు. కుట్టేవాళ్ళంతా మగవాళ్ళు. మగవాడి ముందు నిలబడి కొలత ఇవ్వడానికి ఏ ఇంటి ఆడది ఒప్పుకుంటుంది? పాత జాకెట్టు ఒకటి పంపేవాళ్ళు. దాన్ని ఆది జాకెట్టు అంటారు. దాన్ని పరిచి, దాని మాదిరే కొత్తది కత్తిరించాలి. ఆ ఆది ముగ్గురు పిల్లలు పుట్టక ముందుది అయి ఉంటుంది. పైగా పాతదానిలో ఉన్న తప్పులన్నీ కొత్తదానిలోకి వచ్చేవి. ఒకడు చేసిన తప్పు ఊరంతా తిరిగేది.

పెనుకొండలో మా హుసేన్ మేస్త్రి దీనికి ఒక దారి కనిపెట్టాడు. అంగడి మధ్యన పరదా కట్టాడు. పరదా అవతల ఆయన భార్య బూబమ్మ ఒక దారం తీసుకుని వచ్చినామెను కొలిచేది. భుజానికి ఒక ముడి, రొమ్ముకు ఒక ముడి, నడుముకు ఒకటి, చేతికి ఒకటి. నోట ఒక్క అంకె కూడా పలకకూడదు, అది ఆ అంగడి కట్టడి. కొలిచిన దారాన్ని పరదా కింద నుంచి జరిపితే మేస్త్రి తీసుకుని, ఆమె గుడ్డముక్కతో కలిపి మేకుకు తగిలించేవాడు. బజారులో ఇంకొక అంగడివాడు ఎవరో రెడ్డి గారి ఇల్లాలి నడుము కొలత గట్టిగా చెప్పి, ఆమె ఆ వీధిలో మళ్ళీ అడుగు పెట్టకుండా చేసుకున్నాడు. మా అంగడిలో అలాంటి గొడవ లేదు. లేపాక్షి వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

బూబమ్మకు మోకాళ్ళు పట్టేసి లేవలేని స్థితి వచ్చాక, ఆ పరదా వెనక నిలబడడానికి నన్ను పెట్టుకున్నారు. మా నాయన సంతల్లో చొక్కాలు కుట్టేవాడు, మిషన్ తొక్కడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. బూబమ్మ మంచం మీద కూర్చుని నాకు ముడి వేయడం నేర్పింది. "లాగి కట్టద్దు బిడ్డా. ఆడిది ఊపిరి పీల్చుకోవల్ల గదా" అనేది. మీకు చెప్పాల్సిన మొదటి మాట కూడా అదే. వచ్చినామె మీ ముందు పొట్ట లోపలికి పట్టుకుని నిలబడుతుంది. ఏదో ఒకటి అడిగి మాట్లాడించండి, పొట్ట వదులుతుంది, అప్పుడు ముడి వేయండి.

సరోజ రావడం

ఒక ఏడాది ఆ పరదా వెనక నేనొక్కదాన్నే రాణిని. అప్పుడు సరోజ వచ్చింది.

ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. పట్టు గుడ్డ మధ్యలోనే పుట్టి, పట్టు గుడ్డ మధ్యలోనే పెరిగింది. సన్నగా, నల్లగా, మాట తక్కువగా ఉండేది. గుడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఇటు లాగి, అటు లాగి, "ఇది ఈ పక్క సాగుతాది మేస్త్రీ, ఆ పక్క సాగదు" అనేది. మేస్త్రి ముఖం దీపం వెలిగించినట్లు అయ్యేది. నేను ఏడాది నుంచి అంతకంటే ముద్దుగా కుడుతున్నాను, నా కుట్టు చూసి ఆయన ముఖం ఏనాడూ అలా కాలేదు. వచ్చిన వారానికే "రత్నా, ఆ పిల్ల చేయి సూడు" అన్నాడు. చూశాను. నా కంటికి అది చేయిలాగే కనిపించింది.

ఏం చెప్పమంటారు! ఆమె నవ్వితే కోపం, నవ్వకపోతే పొగరనుకుని ఇంకా కోపం. ఆమె అన్నం తినేటప్పుడు కూడా తొందర లేకుండా తింటుందని కోపం. బూబమ్మ పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతుంటే, అది నేను చేయాల్సిన పని, నా దగ్గర నుంచి లాక్కుందని కోపం. నేను అంతకు ముందు ఒక్కసారి కూడా పిసకలేదనుకోండి.

ఒక ఉగాదికి ఆమె నాకు జాకెట్టు కుట్టి ఇచ్చింది. ఎవరికో కుట్టగా మిగిలిన లేత పసుపు గుడ్డతో కుట్టింది. "అక్కా, నీకు బాగుంటాది, యేసుకో" అంది. వేసుకున్నాను. బావిలో నీళ్ళు తోడినా, పై అరలో నుంచి గుడ్డ థాను దించినా, చంక కింద పట్టలేదు, వీపు లాగలేదు. నా జన్మలో అంతటి సుఖమైన జాకెట్టు వేసుకోలేదు. ఆ రోజంతా మండిపోయాను. బదులుగా నేను ఆమెకు కుట్టలేదు. కుట్టి ఉంటే నా మెడ చూసేది.

నా మెడ అంటే నేను కుట్టే మెడ. మేస్త్రికి కూడా తెలియని పని అది. వెనక మెడ లోతుగా దించితే ఆడవాళ్ళు వంగినప్పుడు అంచు వీపు నుంచి విడిచి నోరు తెరుచుకుంటుంది. నేను దించిన మెడ తెరుచుకోదు, ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఎలాగో తరవాత చెబుతాను.

గ్రామసేవిక సైకిలు

ఆ రోజుల్లో బ్లాకు ఆఫీసు నుంచి ఊళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు పొగలేని పొయ్యిలు, పిల్లల పాలు, టీకాలు అని చెప్పే ఆడపిల్లలు ఉండేవాళ్ళు. గ్రామసేవికలు. అలా మా పెనుకొండకు విమల అనే అమ్మాయి వచ్చింది. చీర కట్టుకుని సైకిలు తొక్కేది. సైకిలు మీద ఆడపిల్లను చూడడానికి జనం పనులు ఆపుకుని నిలబడేవాళ్ళు.

ఆమె జాకెట్లు నా చేతికి వచ్చాయి. తెల్ల పాప్లిన్. ప్రాణం పెట్టి కుట్టాను. మెడ గుండ్రంగా, భుజాలు చెక్కినట్లు, నడుము దగ్గర ఒక్క ముడత లేకుండా వచ్చింది. అద్దం ముందు నిలబడి ఆమె "అబ్బ, ఎంత బాగుందో" అంది. పరదా అవతల మేస్త్రి ఆ మాట విన్నాడు. సరోజ కూడా విన్నది. నాకు ఆ రెండోదే ముఖ్యం.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి భుజాల చుట్టూ తువాలు కప్పుకుని అంగట్లోకి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. ఒక ఊరి రచ్చకట్ట ముందు, జనమంతా చూస్తుండగా, ఎత్తు ఎక్కడానికి గట్టిగా తొక్కేసరికి వీపు మీద జాకెట్టు భుజం నుంచి భుజం దాకా చిరిగిపోయింది. ఒక చేత్తో పైట లాక్కుని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని వచ్చిందట. వెనక నుంచి పిల్లలు కేకలు. "నేను రేపటి నుంచి ఆ ఊరికి ఎలా పోవాలమ్మా? పొయ్యి గురించి చెబితే వింటారా, నా వీపు గురించి నవ్వుకుంటారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"సైకిలు తొక్కేదానికి అంత బిగుతు యాలమ్మా, ఒదులుగా కుట్టిస్తే పాయె" అన్నాను. నన్ను నేను కాపాడుకోవాలి కదా. వదులుగా కుడితే భుజం మీద నుంచి జారుతుందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

సరోజ బయటికి వెళ్ళి సైకిలు తోసుకుంటూ వచ్చి, నేరుగా పరదా వెనక్కి తెచ్చింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. "ఎక్కమ్మా. నేను పట్టుకుంటా. తొక్కేటట్ల ముందుకు వంగు" అంది. సైకిలు సీటును తుంటికి ఆనించి పట్టుకుని, ఆ అమ్మాయి వంగినప్పుడు, చేతులు చాపినప్పుడు దారం వేసి ముడులు కట్టింది. అంతవరకు మేము అందరినీ చేతులు కిందికి వేలాడదీసి, దేవుడి పటం ముందు నిలబడినట్లు నిలబెట్టి కొలిచేవాళ్ళం. మనిషిని పనిలో ఉండగా కొలవాలనే ఆలోచన బూబమ్మకు రాలేదు, మేస్త్రికి రాలేదు. నాకూ రాలేదు, అదే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ సైకిలు రోజూ మా గడప ముందే ఆగేది, నేనే పక్కకు జరిపేదాన్ని.

సరోజ కుట్టిన జాకెట్టులో చంక కింద నాలుగు పలకల చిన్న ముక్క ఒకటి వేసింది. చేయి ఎత్తితే ఆ ముక్క విచ్చుకుంటుంది, వీపు మీద లాగు పడదు. నిలబడితే మాత్రం చంక దగ్గర ముడతలు. నాకు సందు దొరికింది. "ఇదేం కుట్టమ్మా, అంతా ముడతలే" అన్నాను.

"నేను నిలబడేది తక్కువ రత్నమ్మా" అంది ఆ అమ్మాయి.

పరదా అవతల మేస్త్రి దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు ఉంది.

కత్తెర

అంగట్లో కత్తెర పట్టేవాళ్ళు వేరు, మిషన్ తొక్కేవాళ్ళు వేరు. కత్తెర ఎవరిదైతే అంగడి వాళ్ళది. మేస్త్రి కత్తెర పెద్దది, నల్లది, ఎత్తాలంటే మణికట్టులో బలం ఉండాలి. ఆయన తప్ప ఎవరూ ముట్టేవాళ్ళు కాదు, మెడలకు, చిన్న ముక్కలకు మాకు చిన్న కత్తెర ఉండేది. ఆయనకు చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి నేను ఆ కత్తెర వంకే చూస్తూ ఉన్నాను. ఆయనకు పిల్లలు లేరు. ముందు వచ్చింది నేను. ఇంక ఎవరికిస్తాడు?

ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి ఇద్దరినీ పిలిచాడు. కత్తెర తీసి తుడిచి సరోజ చేతికి ఇచ్చాడు. ఆమె తీసుకోకుండా నా వంక చూసింది. ఆ చూపును నేను ఈ రోజుకీ క్షమించలేదు. జాలి పడడానికి ఆమె ఎవరు?

"నేను ముందు వచ్చినాను మేస్త్రీ" అన్నాను.

"ఔను బిడ్డా, ముందు వచ్చినావు" అన్నాడు ఆయన. "నీ జాకెట్టు అద్దం ముందర శానా బాగుంటాది. ఈ పిల్లది ఇంటికి పోయినాంక బాగుంటాది. నేనేం చేసేది చెప్పు?"

"నా మెడ ఈయమ్మ కుట్టగలదా? అడగండి."

"లేదు. నీ మెడ నాకే రాదు." ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా కత్తెర ఆమెకే ఇచ్చాడు.

మేస్త్రి చెడ్డవాడని నేను అనను. కానీ ఆయన తీర్పు సగం తప్పు. ఆడది అద్దం ముందు నిలబడే ఆ కాసేపు కూడా ఆమె బతుకులో ఉంది. పెళ్ళిలో, పేరంటంలో, ఒకసారి తనను తాను చూసుకుని బాగున్నానని అనుకోవడానికే గదా గుడ్డ తెచ్చేది. ఆ మాట అప్పుడు ఆయనకు చెప్పడం రాలేదు. నా ఇనుప పెట్టె, నాయన ఇచ్చిన పాత మిషన్ తీసుకుని మరునాటి ప్యాసింజరులో హిందూపురం వచ్చేశాను. పసుపు జాకెట్టు పారేద్దామని రైల్లో కిటికీ దాకా చేయి పెట్టాను. పారేయలేదు.

హిందూపురం అంగడి

బెల్లం మండీ వీధిలో ఒక మెట్ల గది దొరికింది. కింద బెల్లం వాసన, పైన నా మిషన్. ఆడమనిషే కుడుతుందని తెలిసేసరికి పరదా అవసరం లేకపోయింది. కన్నడం మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు, ఇంట్లో ఒకటి బజారులో ఒకటి మాట్లాడేవాళ్ళు, అందరూ ఎక్కి వచ్చేవాళ్ళు.

టూరింగ్ టాకీసులో సినిమా మారితే మాకు చేతుల తీరు మారేది. బుడగ చేతులు అన్నారు, మోచేతి చేతులు అన్నారు, చేతులే వద్దన్నారు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. బుడగ చేయి నిలబడాలని ఒక పెళ్ళికూతురికి గంజి గుడ్డ లోపల పెట్టి కుట్టాను. చూడడానికి ఎంత బాగుందో! తలంబ్రాలు పోసుకునేసరికి బియ్యమంతా ఆ చేతుల్లో పడి ఇరుక్కుంది. ఆ పిల్ల చేయి దించినప్పుడల్లా బియ్యం రాలేది. ఆమె అత్తగారు "ఏమ్మే, మా కోడలికి జాకెట్టు కుట్టినావా, వడ్ల గరిసె కుట్టినావా?" అని మెట్ల మీద నిలబడి అరిచింది. సరోజ అయితే ఆ పిల్లను కూర్చోబెట్టి, చేతులు ఎత్తించి చూసి ఉండేదని నాకు వెంటనే తోచింది. అరిచిన అత్త మీద కంటే ఆ తోచినదాని మీద నాకు కోపం ఎక్కువ వచ్చింది.

నాకు పేరు తెచ్చింది మెడే. దాని కిటుకు ఇప్పుడు చెబుతున్నాను, దాచుకుని ఏం చేయాలి. మెడ చుట్టూ లోపల వేసే క్రాసు పట్టీని, అంటే ఐమూలగా తీసిన గుడ్డ పట్టీని, మెడకు సరిగ్గా కత్తిరించకండి. రవంత పొట్టిగా కత్తిరించి, వెనక వంపు వచ్చే చోట మాత్రమే లాగి పట్టి కుట్టండి. ఆ లాగుడు మెడను ఒంటి మీదకు తెస్తుంది. ఎంత లాగాలో చెప్పడానికి మాట లేదు, గుడ్డను బట్టి వేలికే తెలియాలి. పై నుంచి చూస్తే ఎవరికీ కనబడదు. విప్పితేనే తెలుస్తుంది.

ఒకపక్క పేరు వస్తోంది, ఒకపక్క నా కళ్ళు మాత్రం ఆడవాళ్ళ చంకల మీదే. రైలు కోసం నిలబడితే ధర్మవరం వైపు నుంచి దిగే ప్రతి ఆడదాన్నీ వెనక నుంచి చూసేదాన్ని. మూట నెత్తికి ఎత్తుకునేటప్పుడు వీపు లాగకపోతే అది సరోజ కుట్టు. నాకు ఇట్టే తెలిసేది. మేస్త్రి పోయాక ఆమె ధర్మవరం వెళ్ళి సొంతంగా అంగడి పెట్టిందని అలాగే తెలిసింది. ఒకే బండిలో అలాంటి వీపులు ఎక్కువగా కనిపించిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

చివరికి పసుపు జాకెట్టు తీసి విప్పాను. కుట్టు కుట్టూ విప్పి బల్ల మీద ముక్కలు పరిచాను. చంక కింది ముక్క నేను అనుకున్నట్లు ఒక ముక్క కాదు! ఐమూలగా అతికిన రెండు ముక్కోణాలు. ఆహా, ఇదన్నమాట ఆమె కిటుకు, ఆ ఐమూల కుట్టే విచ్చుకోవడానికి బలం ఇస్తోంది అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను కుట్టిన ప్రతి జాకెట్టు చంకలో రెండు ముక్కోణాలు అతికాను. పని రెట్టింపు అయ్యేది. అయినా సరే, సరోజ కిటుకు నా చేతికి వచ్చింది కదా అని ఒళ్ళు దాచుకోకుండా కుట్టాను. ఇలా విప్పి చూడడం దొంగతనం అని మీ క్లాసులో ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ పనిలో విప్పి చూడనివాళ్ళు లేరు.

నా అంగడికి సరోజ

కొన్నేళ్ళ తరవాత ఒక పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. తల ఎత్తితే సరోజ. జుట్టు అక్కడక్కడా తెల్లబడింది. అదే తొందర లేని నడక.

"బాగుండావా అక్కా? అంగడి బలే ఉండాది" అంది.

"ఉండాను. కూర్చో. యాడికి పోతాండావు?"

"ఈడికే వచ్చినాను."

మజ్జిగ ఇచ్చాను. తాగుతూ చుట్టూ చూసింది. తీగకు తగిలించిన జాకెట్లలో ఒకటి అందుకుని, అడగకుండానే తిరగేసింది. నేరుగా చంక దగ్గరికే పోయింది. మెచ్చుకుంటుందని అనుకున్నాను, ఎందుకు అబద్ధం.

"అక్కా, ఈ ఐమూల అతుకు యాలేసినావు?"

"ఏం, నువ్వు వేయలేదా? పసుపు దాంట్లో."

గుర్తొచ్చి నవ్వడం మొదలుపెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "అయ్యో అక్కా! ఆ పొద్దు గుడ్డ సాల్లేదు. మిగిలిన తునకలు రెండు అతికి యేసినాను. ఒకే ముక్క యేస్తే సాలు. ఇన్నేండ్లూ అందరికీ ఇట్లే కుట్టినావా?"

నా చెవులు కాలిపోయాయి. అంగట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు వింటున్నారు. కాళ్ళ కింద నేల కూలిపోయి బెల్లం మండీలో పడితే బాగుండుననిపించింది. "బలంగా ఉంటాదని నేనే మార్చుకున్నాను" అన్నాను. నమ్మనట్లు తల ఊపింది.

తరవాత వచ్చిన పని చెప్పింది. సంచిలో నుంచి ఊదా రంగు పట్టు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "నాకొకటి కుట్టియ్యి అక్కా. ఊరందరికీ కుడతాను, నా వీపు నేను కొల్చుకోలేను గదా. ఇంక ఎవురి చేతికీ ఇయ్యబుద్ధి కాలేదు."

ఆ మాటకు ఎవరికైనా మనసు కరగాలి. నాకు కరగలేదు, అనుమానం వచ్చింది. ఈమె నిజంగా తొడుక్కోవడానికి వచ్చిందా? నా మెడ కోసం వచ్చిందా? దారం తీసుకుని నిలబెట్టి కొలిచాను. వంచి కొలిచాను, చేతులు ఎత్తించి కొలిచాను. ముడులు వేస్తూనే ఆమె ముఖం చూస్తున్నాను. ఆ ముఖంలో ఏమీ కనబడదు, ఏనాడూ కనబడలేదు. ఇన్నేళ్ళలో నన్ను చూసి ఒక్కసారైనా, ఒక్క రవ్వైనా, ఈ మనిషి కడుపు మండిందా? నాకు అదొక్కటే తెలియాలి. కత్తెర పోయింది, మేస్త్రి పోయాడు, ఇంక ఏమీ అక్కర్లేదు. అది తెలిస్తే చాలు.

నోరు విడిచి అడిగితే చెప్పే మనిషి కాదు. అందుకని వేరే దారి పట్టాను.

ఆ జాకెట్టును నా చేతిలో ఉన్న విద్యంతా పెట్టి కుట్టాను. చంకలో ఒకే ముక్క వేశాను. మెడ దగ్గరికి వచ్చాక, క్రాసు పట్టీ లోపల, వెనక మెడకు ఎడమ పక్కన, గోరంత మార్కిన్ గుడ్డ ముక్క ఒకటి ముక్కోణంగా కత్తిరించి పెట్టి కుట్టేశాను. పట్టు జాకెట్టులో ముతక మార్కిన్! దానికి అక్కడ ఏ పనీ లేదు. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పై నుంచి తడిమినా తగలదు. పట్టీ విప్పిన కంటికే కనబడుతుంది.

మరుసటి వారం వచ్చి వేసుకుంది. అద్దం ముందు వెనక్కి తిరిగి, మెడ మీద వేలు పెట్టి, వంగి చూసింది. అంచు కదలలేదు. "బాగుండాది అక్కా" అంది. అంతే. ఒంటి మీద నుంచి తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. స్టేషను దాకా వెళ్ళి బండి ఎక్కించి వచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకుంది.

ధర్మవరం నుంచి వచ్చిన ఆది

తరవాత నేను ఎదురుచూశాను. నా అంగడికి ధర్మవరం వైపు నుంచి ఎవరు వచ్చినా, ఆది తెచ్చారా అని అడిగేదాన్ని. టేపుతో కొలుస్తాను గదా, ఆది ఎందుకని వాళ్ళు విస్తుపోయేవాళ్ళు. తెచ్చిన ఆదులు పాతవి. వాటి మెడలు ఎప్పటి మాదిరే నోరు తెరుచుకుని ఉండేవి. వానలు వచ్చి పోయాయి. వేరుశనగ కాయ ఒలిచే రోజులు కూడా వచ్చాయి. ఆమె విప్పలేదు, తొడుక్కుని తిరుగుతోంది, నా మీద ఆమెకు మంట ఏమిటి, ఎందుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ దిగులుతో మిషన్ మీద కూర్చుంటే కుట్టు వంకరలు పోయేది.

ఒక మధ్యాహ్నం కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె మెట్లు ఎక్కి వచ్చింది. పుట్టినిల్లు ధర్మవరం. ఆకుపచ్చ జాకెట్టు ఒకటి బల్ల మీద పెట్టి, "ఆది తెచ్చినానమ్మా. ఇట్లే కుట్టల్ల. పెండ్లికి కుట్టించినాది, ఆడ సరోజమ్మ కుట్టింది" అంది.

జాకెట్టు చేతిలోకి తీసుకున్నాను. వెనక మెడ లోతుగా ఉంది. వేలితో నొక్కితే వంపు దగ్గర బిగువు తగిలింది. ఆ పిల్లను కూర్చోమని, లోపలి కుట్టు చూడాలని చెప్పి, కిటికీ వెలుగులోకి వెళ్ళి, పట్టీ దగ్గర నాలుగు కుట్లు బ్లేడుతో తీశాను.

పట్టీ రవంత పొట్టిగా కత్తిరించి లాగి ఉంది. నాలాగే. ఆమె వేలు నాకంటే కొంచెం ఎక్కువ లాగింది. దాని పక్కన, వెనక మెడకు ఎడమ పక్కన, ఆకుపచ్చ పట్టు లోపల, గోరంత మార్కిన్ గుడ్డ. ముక్కోణంగా. శ్రద్ధగా, చుట్టూ సన్న కుట్టు వేసి మరీ పెట్టింది.

నా అంగట్లో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన మనిషి, పెనుకొండ కత్తెర చేతిలో ఉన్న మనిషి, ఇంటికి పోయి ఆ ఊదా జాకెట్టును ఒక్కసారైనా తొడుక్కుందో లేదో, కుట్టు కుట్టూ విప్పి బల్ల మీద పరుచుకుంది. ఆ పనికిరాని ముక్కను చూసి, ఆహా, ఇదన్నమాట రత్న కిటుకు అనుకుంది. కొత్త పెళ్ళికూతుళ్ళందరికీ పెట్టి కుడుతోంది.

నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు ఎందుకో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. సూది తీసుకుని, తీసిన నాలుగు కుట్లూ మళ్ళీ వేశాను. ఆ మార్కిన్ ముక్కను ఉన్న చోటే ఉంచాను.

ఆ పిల్ల కంగారు పడి లేచి వచ్చింది. "ఏమమ్మా, ఆదిలో ఏమన్నా తప్పుండాదా?"

"ఏం లేదు తల్లీ" అన్నాను. "బాగా కుట్టింది. అచ్చం నేను కుట్టినట్లే ఉండాది."